వరంగల్ నుంచి లద్దాఖ్ కొండల్లో పరుగు యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే పరుగెత్తే వాళ్ళం కొందరం కలిసి, సెప్టెంబర్ మొదటి వారంలో లద్దాఖ్‌కు పరుగు యాత్ర తీసుకెళ్తున్నాం. పది మందికి మించకుండా ఒక బృందం, దారి తెలిసిన ఇద్దరు లద్దాఖీ గైడ్లు, వెనకాలే సామాను, ఆక్సిజన్ సిలిండర్ మోసే ఒక బండి. గ్రౌండ్‌లో, ఫోన్లో, ఆఖరికి పెళ్ళి భోజనాల దగ్గర కూడా నన్ను అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఆరోగ్యం గురించిన జవాబులు పొడుగ్గా ఉంటాయి. వాటిని దాటేయకుండా చదవమని నా మనవి.

ఇది రేసా, ట్రెక్కింగా?

రెండూ కాదు. ట్రైల్ రన్నింగ్ అంటే తారు రోడ్డు వదిలేసి కాలిబాట మీద పరుగెత్తడం. మేం వెళ్ళే బాటలు ఊరికీ ఊరికీ మధ్య మనుషులు, గాడిదలు, మేకలు తరతరాలుగా నడిచి వేసినవి. టైమింగ్ చిప్ లేదు, మెడల్ లేదు, ఎవరు ముందు వచ్చారన్న లెక్కా లేదు. ముందు ఒక గైడు, చివర ఒక గైడు ఉంటారు. చివరి మనిషి వచ్చేదాకా కనుమ మీద అందరూ ఆగుతారు.

ఎక్కుడు వస్తే నడవాలంటున్నారు. మరి పరుగు యాత్ర ఎలా అయింది?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కొండల్లో ఏళ్ళ తరబడి పరుగెత్తిన వాళ్ళు కూడా నిటారు ఎక్కుడు వస్తే చేతులు తొడల మీద పెట్టుకుని నడుస్తారు. అక్కడ పరుగెత్తినా నడిచినా వేగంలో పెద్ద తేడా రాదు, గుండె మీద పడే భారంలో మాత్రం చాలా తేడా వస్తుంది. 3,600 మీటర్ల ఎత్తులో ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

మా లెక్క ఒక్కటే. పక్కన ఉన్న మనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత సేపు పరుగెత్తండి. మాట మధ్యలో తెగిందంటే నడవండి. నడుస్తున్నా తెగుతుంటే ఆగండి. గ్రౌండ్‌లో కిలోమీటరుకు ఆరు నిమిషాలు తీసే మనిషి అక్కడ ఎనిమిది, తొమ్మిది నిమిషాలు తీస్తే నేను సంతోషిస్తాను. వాచీలో పేస్ చూసి బాధపడే అలవాటు ఉంటే ఆ స్క్రీను తీసేసి రండి. అక్కడ వేగం కొండ నిర్ణయిస్తుంది. ఆ మాట ఒప్పుకున్న వాళ్ళకు ఈ యాత్ర ఎంతో ఇస్తుంది.

ఏయే చోట్ల పరుగెత్తుతాం? అంతా ఒకేలా ఎండిపోయిన కొండలేనా?

ఫొటోల్లో అలా కనిపిస్తుంది కానీ, కాళ్ళ కింద నేల రోజుకో రకంగా మారుతుంది.

మొదటి మూడు రోజులు లద్దాఖ్ ముఖ్య పట్టణం లేహ్‌లో పరుగు లేకుండా ఎత్తుకు అలవాటు పడటమే. నాలుగో రోజు షే నుంచి థిక్సే వైపు, సింధు నది ఒడ్డున చదునైన నేల మీద మొదటి చిన్న పరుగు. సెప్టెంబర్‌లో బార్లీ కోతలు నడుస్తుంటాయి. పచ్చిక, పొలం గట్లు, పోప్లార్ చెట్ల వరసలు, పైన గుట్టంతా మెట్లు మెట్లుగా పేర్చినట్టు థిక్సే మఠం. ఆ రోజు ఐదు కిలోమీటర్లకు మించనివ్వం.

తర్వాత మూడు రోజులు షామ్ లోయ. లికిర్ మఠం దగ్గర మొదలుపెట్టి యాంగ్‌తాంగ్, అక్కడి నుంచి హెమిస్ శుక్‌పాచన్, చివరికి తెమిస్‌గామ్. లద్దాఖ్‌లో కొత్తగా నడిచే వాళ్ళను ముందుగా పంపే తేలిక దారి ఇది. అందుకే ఎంచుకున్నాం. దారిలో ఫోబె లా, చరత్సె లా, త్సెర్మంగ్‌చెన్ లా, మెబ్‌తక్ లా అని నాలుగు కనుమలు వస్తాయి. 'లా' అంటే వాళ్ళ భాషలో కనుమ. నాలుగూ 4,000 మీటర్ల లోపే. మొదటి రోజు ఎర్రమట్టి, వదులు కంకర. రెండో రోజు దిగే దారిలో పాదం పెట్టగానే జారే సన్న రాళ్ళు. కొండ దిగి హెమిస్ శుక్‌పాచన్ చేరితే ఒక్కసారిగా పచ్చదనం. శుక్‌పా అంటే జునిపర్ చెట్టు. ఊరి పేరే ఆ చెట్ల మీద వచ్చింది. వాటిని పవిత్రంగా చూస్తారు, ఆకును ధూపం వేస్తారు. తెమిస్‌గామ్ దిగేసరికి ఆప్రికాట్ తోటలు, వాకిళ్ళలో ఎండబెట్టిన పళ్ళు.

ఎనిమిదో రోజు లామాయూరు. ఒకప్పుడు సరస్సు అడుగున పేరుకున్న మట్టి, నీళ్ళు పోయాక గాలికీ వానకూ కోసుకుపోయి పసుపు రంగు ముడతలుగా మిగిలింది. చంద్రుడి నేల అని టూరిస్టులు అంటారు. మేం ఆ ముడతల మీద ఎక్కం, అది తొక్కితే రాలిపోయే నేల. పక్కనుంచి ప్రింకితి లా దాటి వన్లా ఊరికి దిగే దారి పట్టుకుంటాం. కనుమ దాటాక ఇరుకు లోయలోంచి పోతుంది ఆ బాట. రెండు పక్కలా గోడలు నిలబెట్టినట్టుంటుంది, మన అడుగుల చప్పుడు మనకే తిరిగి వినపడుతుంది. నాకు ఈ యాత్ర మొత్తంలో ఇష్టమైన గంట అదే.

తొమ్మిదో రోజు బండిలో లేహ్‌కు తిరిగి వస్తాం. పదో రోజు ఖర్దుంగ్ లా మీదుగా నుబ్రా లోయ. పదకొండో రోజు పొద్దున హుందర్ ఇసుక దిబ్బల మీద చెప్పుల్లేకుండా పరుగు. చుట్టూ ఎండు కొండలు, మధ్యలో రెండు మూపురాల ఒంటెలు, పక్కన ష్యోక్ నది. అదే రోజు లేహ్‌కు తిరుగు ప్రయాణం. అన్నీ కలిపితే పరుగు, నడక యాభై కిలోమీటర్ల దరిదాపు.

ఖర్దుంగ్ లా మీద పరుగెత్తిస్తారా?

లేదు. అక్కడి బోర్డుల మీద చాలా ఏళ్ళు 18,380 అడుగులని రాసి ఉండేది గానీ, కొలతల్లో తేలిన ఎత్తు 5,359 మీటర్లు. అంటే 17,582 అడుగులు. ఆ కనుమ మీదుగా 72 కిలోమీటర్ల రేసు నడుస్తుంది, నిజమే. 2012లో మొదలైన లద్దాఖ్ మారథాన్‌తో పాటు అది జరుగుతోంది. ఆ రేసుకు వెళ్ళేవాళ్ళు చాలా రోజులు ముందే వచ్చి ఒంటిని అలవాటు చేసుకుంటారు. మేం బండి దిగి, ఫొటో దిగి, పావుగంటలో కిందికి వెళ్ళిపోతాం.

అక్కడ గాలిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుందా?

గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. మన వరంగల్ మూడు వందల మీటర్ల లోపు ఎత్తులో ఉంది. లేహ్ దాదాపు 3,500 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు లోపలికి వెళ్ళే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఖర్దుంగ్ లా మీద సగం.

ఒళ్ళు దానికి వెంటనే స్పందిస్తుంది. శ్వాస వేగం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, మూత్రం ఎక్కువగా వస్తుంది. రాత్రి నిద్రలో శ్వాస కాసేపు ఆగి, మళ్ళీ గట్టిగా మొదలవుతుంది. పక్కన పడుకున్న వాళ్ళు అది చూసి భయపడతారు. ఎత్తైన చోట అది మామూలే. ఎర్ర రక్తకణాలు పెరగడానికి మాత్రం వారాలు పడుతుంది. మనకు అన్ని రోజులు లేవు. అందుకే ఉన్న రోజులను జాగ్రత్తగా వాడుకోవాలి.

మొదటి మూడు రోజులు ఏమీ చేయకుండా ఎందుకు కూర్చోబెడతారు? డబ్బు దండగ కదా?

నా సంగతి చెప్తాను. మొదటిసారి నేను వేరే వాళ్ళతో వెళ్ళాను. లేహ్‌లో విమానం దిగిన మర్నాడే పది కిలోమీటర్లు పరుగెత్తించారు. "మీరు ఫిట్‌గా ఉన్నారు, మీకేం కాదు" అన్నారు. నేనూ నమ్మాను. అప్పటికే హాఫ్ మారథాన్లు చేసిన మనిషిని, నాకేమవుతుందనుకున్నాను. సాయంత్రానికి తల పగిలిపోతున్నట్టు నొప్పి, రాత్రంతా వాంతులు. తెల్లారి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మిగతా యాత్రంతా గెస్ట్‌హౌస్ కిటికీలోంచి కొండల్ని చూడటంతోనే సరిపోయింది. ఇంట్లో వాళ్ళ టెన్షన్ గురించి చెప్పనక్కర్లేదు.

అప్పుడు తెలిసింది ఏమిటంటే, ఫిట్‌నెస్ ఎత్తు నుంచి కాపాడదు. ఇంకా చెప్పాలంటే, ఫిట్‌గా ఉన్న కుర్రాళ్ళే తొందరపడి ఎక్కువగా పడిపోతారు. ఎవరికి ఎత్తు పడుతుందో, ఎవరికి పడదో ముందుగా చెప్పే పరీక్ష లేదు.

అందుకే మొదటి రోజు మంచం మీదే. రెండో రోజు బజారు దాకా నిదానంగా నడక. మూడో రోజు శాంతి స్తూపం మెట్లు, ఆగుతూ ఆగుతూ. విమానంలో లేహ్ చేరిన వాళ్ళు కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలని అక్కడి డాక్టర్లు చెప్తారు. మేం దానికి ఇంకో రోజు కలిపాం. ఈ యాత్రలో ఏ రాత్రీ 4,000 మీటర్లకు పైన పడుకోం.

ఎత్తు పడలేదని ఎలా తెలుస్తుంది?

తలనొప్పితో పాటు వాంతి వచ్చినట్టు ఉండటం, కళ్ళు తిరగడం, విపరీతమైన నీరసం, ఆకలి చచ్చిపోవడం. వీటిలో ఏదున్నా సరే, ఆ రోజు పైకి వెళ్ళకూడదు. తగ్గేదాకా ఉన్న చోటే ఉండాలి. పెరిగితే దిగిపోవాలి.

ప్రాణం మీదికి తెచ్చేవి రెండు. ఒకటి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కూర్చుని ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురగ లాంటి కఫం దాని గుర్తులు. రెండోది మెదడు వాపు. మనిషి తాగినవాడిలా తూలుతాడు, అడిగిందానికి పొంతన లేని జవాబు చెప్తాడు. అనుమానం వస్తే మా గైడ్లు నేల మీద గీత గీసి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు ఆనిస్తూ దాని మీద నడవమంటారు. నడవలేకపోతే ఇక చర్చ లేదు. అర్ధరాత్రయినా సరే బండి ఎక్కించి ఆక్సిజన్ పెట్టి కిందికి, ఆసుపత్రికి తీసుకెళ్తాం. లేహ్‌లో సోనమ్ నోర్బూ మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళకు ఇలాంటి కేసులు కొత్త కాదు.

మాకు దాచకుండా చెప్పండి, అంతే నేను కోరేది. పది మందిలో పలుచనైపోతానని తలనొప్పి దాచిపెట్టే వాళ్ళను చూశాను. అది మొహమాటపడాల్సిన విషయం కాదు.

డయమాక్స్ వేసుకోవాలా?

డయమాక్స్ అంటే ఎసిటజోలమైడ్. ఎత్తుకు ఒళ్ళు త్వరగా అలవాటు పడేలా చేస్తుంది. పెద్దవాళ్ళకు ముందుజాగ్రత్తగా సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి ఇస్తారు. కానీ మీకు మీరే కొనుక్కుని వేసుకోవద్దు. సల్ఫా మందులు పడని వాళ్ళకు ప్రమాదం కావచ్చు. కిడ్నీ సమస్య ఉన్న వాళ్ళు తప్పకుండా డాక్టర్‌ను అడగాలి. వేలి కొసలు తిమ్మిర్లెక్కడం, మాటిమాటికి మూత్రం రావడం, సోడా తాగితే చప్పగా అనిపించడం దీనితో మామూలే. ఇంటి దగ్గరే, డాక్టర్ చెప్పినట్టు, ఒకటి రెండు రోజులు వేసుకుని చూస్తే పడుతుందో లేదో తెలుస్తుంది. మాత్ర వేసుకున్నాం కదా అని విశ్రాంతి రోజులు తగ్గించే పని మాత్రం లేదు.

నిద్రమాత్రలు, మద్యం రెండూ శ్వాసను మందగింపజేస్తాయి. యాత్ర అయ్యేదాకా రెండూ బంద్.

కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోండి కానీ దాన్నే చూస్తూ కూర్చోవద్దు. ఇంటి దగ్గర 98 చూపించేది లేహ్‌లో మొదటి రోజు 85 చూపించవచ్చు. అంకె తక్కువగా ఉన్నా మనిషి హాయిగా తింటూ, నవ్వుతూ ఉంటే పరవాలేదు. అంకె బాగుండి తల పగిలిపోతుంటే అది పట్టించుకోవాల్సిన విషయం. చలికి వేళ్ళు గడ్డకట్టినా, గోరింటాకు ఉన్నా అంకె తప్పుగా రావచ్చు.

రావడానికి ముందు ఏ పరీక్షలు చేయించుకోవాలి?

ఈసీజీ, రక్త పరీక్ష, బీపీ, షుగర్ అందరికీ. నలభై దాటిన వాళ్ళు గుండె డాక్టర్‌కు చూపించుకుని రావాలి. ఆడవాళ్ళు హిమోగ్లోబిన్ తప్పక చూసుకోండి. రక్తం తక్కువగా ఉన్న మనిషిని, ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోటికి తీసుకెళ్ళడం సరికాదు. మూడు నాలుగు నెలల ముందే చూసుకుంటే సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది.

ఇంకో పరీక్ష గురించి మన జిల్లాల వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు కోయ, గోండు కుటుంబాల్లో ఇది కనిపిస్తుంది. 2023లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక చాలా మందికి పరీక్షలు చేశారు, కార్డులు ఇచ్చారు. జబ్బు ఉన్న వాళ్ళు ఈ యాత్రకు రాకూడదు. జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రమే మోసే వాళ్ళకు ఇక్కడ సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు, జీవితాంతం తెలియకపోవచ్చు కూడా. కానీ ఎత్తైన చోట కష్టపడితే కొందరికి ప్లీహం దెబ్బతిని ఎడమ పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వస్తుంది. అందుకే ఇంట్లో ఎవరికైనా ఉందని తెలిస్తే పరీక్ష చేయించుకుని, ఆ ఫలితం డాక్టర్‌కు చూపించాకే మాకు పేరివ్వండి.

సింగరేణిలో అండర్‌గ్రౌండ్ పని. రావచ్చా?

రావచ్చు. ఏళ్ళుగా బొగ్గు దుమ్ములో పనిచేసిన వాళ్ళు ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీ, ఛాతీ ఎక్స్‌రే చేయించుకుని డాక్టర్ మాట తీసుకోవాలి. రామగుండం నుంచి వచ్చిన ఒక కార్మికుడు మా బృందంలో అందరికంటే నిదానంగా, ఒకే తీరున నడిచి, ఒక్క తలనొప్పి కూడా లేకుండా తిరిగొచ్చాడు. షిఫ్టంతా సమంగా పనిచేసే అలవాటే తనకు పనికొచ్చిందని అన్నాడు.

బీపీ, షుగర్, ఆస్తమా ఉంటే?

అదుపులో ఉంటే, డాక్టర్ రాసిస్తే తీసుకెళ్తాం. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఎత్తులో అది ఇబ్బంది కావచ్చు, అడగండి. ఇన్సులిన్ గడ్డకట్టనివ్వకూడదు, రాత్రి దుప్పట్లోనే పెట్టుకోవాలి. గర్భిణులను తీసుకెళ్ళం.

మన దగ్గర హిమాలయాలు లేవు కదా, ఎలా ప్రాక్టీస్ చేయాలి?

నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె మొదట కొండ ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. మనకు గుట్టలకు కొదవ లేదు.

మా పద్ధతి పదహారు వారాలు. వారంలో మూడు రోజులు గ్రౌండ్‌లోనో, భద్రకాళి చెరువు కట్ట మీదో తేలిక పరుగు. ఒక రోజు మెట్లు. పద్మాక్షి గుట్ట గానీ, మడికొండ మెట్టుగుట్ట గానీ, ఎక్కి దిగి, ఎక్కి దిగి. కరీంనగర్ వాళ్ళకు కొండగట్టు ఉంది. ఆదివారం రెండు మూడు గంటలు ధర్మసాగర్ దాటాక దేవునూరు ఇనుపరాతి గుట్టల వైపు, రాళ్ళూ ముళ్ళూ ఉన్న బాట మీద. అడవి శాఖ కింద ఉన్న చోట అడగకుండా లోపలికి వెళ్ళవద్దు. ఏటూరునాగారం వైపు అసలే వద్దు.

చాలామంది ఎక్కడం మీదే దృష్టి పెడతారు. నిజానికి తొడలు పట్టేసేది దిగేటప్పుడు. దిగుడులో కండరం సాగుతూ బరువు మోస్తుంది. అలవాటు లేకపోతే మర్నాడు మెట్లు దిగలేరు. కాబట్టి గుట్ట దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులతో, మోకాలు కొంచెం వంచి, కళ్ళు మూడు నాలుగు అడుగుల ముందు పెట్టి నిదానంగా పరుగెత్తడం నేర్చుకోండి. ఆగకుండా పది కిలోమీటర్లు గంటా ఇరవై నిమిషాల్లోపు పరుగెత్తగలిగి, మర్నాడు మామూలుగా పనికి వెళ్ళగలిగితే మీరు సిద్ధమైనట్టే.

రామగుండం ఎండలో పరుగెత్తితే ఎత్తుకు పనికొస్తుందా?

ఎండకు అలవాటు పడితే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందే పడుతుంది, గుండెకు కొంత తేలికవుతుంది. అది ఎత్తుకు అలవాటు పడటానికి బదులు మాత్రం కాదు. పైగా మే నెలలో పది దాటాక పరుగెత్తితే వడదెబ్బ తగులుతుంది. పొద్దున ఐదింటికే మొదలుపెట్టి ఏడింటికల్లా ఇంట్లో ఉండండి.

బూట్లు, బట్టలు ఏం తెచ్చుకోవాలి?

అడుగున పళ్ళలా గట్టి గుబ్బలున్న ట్రైల్ షూస్ కావాలి. రోడ్డు బూట్లు కంకర మీద జారతాయి. దిగుడులో వేళ్ళు ముందుకు తోసుకుపోయి గోళ్ళు నల్లబడతాయి, కాబట్టి అర సైజు పెద్దవి తీసుకోండి. కొత్తవి నేరుగా లద్దాఖ్‌కు తేవద్దు, కనీసం నెల రోజులు ఇక్కడ వాడండి.

సెప్టెంబర్ మొదట్లో లేహ్‌లో పగలు ఇరవై డిగ్రీల దగ్గర, రాత్రి ఐదు దగ్గర. యాంగ్‌తాంగ్‌లో ఇంకా తగ్గుతుంది. లావుపాటి స్వెట్టర్ ఒకటి కంటే, పలుచటివి మూడు పొరలు మేలు. ఎక్కేటప్పుడు విప్పాలి, కనుమ మీద గాలికి వేసుకోవాలి. కాటన్ బనియన్లు వద్దు, చెమటకు తడిసి ఆరవు, చలి పట్టిస్తాయి. ఎండ సంగతి చాలామంది నమ్మరు. చల్లగా ఉంది కదా అనుకుంటారు, మర్నాటికి ముక్కు మీద తోలు ఊడుతుంది. చలువ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకు బామ్ తప్పనిసరి. పొడి గాలికి ముక్కులోంచి రక్తం కారుతుంది, రాత్రి పడుకునే ముందు కొంచెం వాసెలిన్ రాసుకోండి.

తిండి మన నోటికి పడుతుందా?

షామ్ లోయలో ఊళ్ళలోని ఇళ్ళలోనే ఉంటాం, వాళ్ళు వండిందే తింటాం. అన్నం, పప్పు, కూర దొరుకుతాయి. తుక్పా అంటే కూరగాయలేసిన వేడి నూడుల్స్ చారు. స్క్యూ అంటే పిండి ముద్దలు, గడ్డలు వేసి ఉడికించిన చిక్కటి వంటకం. పొద్దున ఖంబీర్ అనే దళసరి రొట్టె. ఉప్పు, వెన్న వేసి చిలికిన టీ మొదటి గుక్కకు వింతగా ఉంటుంది. టీ అనుకోకుండా చారు అనుకుని తాగితే బాగుంటుంది.

అక్కడ వేయించిన బార్లీ పిండిని టీలో కలిపి ముద్ద చేసుకుని తింటారు. మొదటిసారి అది నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు మా ఇంట్లో బతుకమ్మకు చేసే సత్తుపిండి గుర్తొచ్చింది. గింజ వేరే, వేయించిన ఆ కమ్మదనం ఒకటే. ఇక్కడి నుంచి సత్తుపిండి, పల్లీ పట్టీలు, సకినాలు తీసుకెళ్ళండి. ఎత్తులో ఆకలి వేయదు, ఇష్టమైన తిండి ఉంటేనే నాలుగు ముద్దలు దిగుతాయి. మామిడికాయ తొక్కు డబ్బా మాత్రం బట్టల మధ్య పెట్టకండి. గాలి ఒత్తిడి తగ్గి మూత ఎగిరి నూనె కారుతుంది.

నీళ్ళు, మరుగుదొడ్లు?

రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగాలి, అంతకు మించి బలవంతంగా తాగవద్దు. మరిగించి చల్లార్చిన నీళ్ళు బస చేసే ఇళ్ళలో నింపుకుంటాం. ప్లాస్టిక్ సీసాలు కొనం.

లేహ్‌లో ఏడాదికి పడే వాన వంద మిల్లీమీటర్ల దగ్గర. మనకు ఒక్క మంచి ముసురు రోజు పడేంత. ఊళ్ళన్నీ పైనుంచి కరిగి వచ్చే మంచు నీళ్ళ మీదే బతుకుతాయి. ఆ నీటిని యురా అనే చిన్న కాల్వల్లో పొలాలకు మళ్ళిస్తారు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే మనిషిని చుర్‌పోన్ అంటారు. ఇది విన్నప్పుడు మా తాత చెప్పే నీరటి కళ్ళ ముందు కదిలాడు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల కింద మన ఊళ్ళలో తూము ఎత్తి, వంతుల ప్రకారం నీళ్ళు పారించిన నీరటి చేసిందీ ఇదే పని. నీటి విలువ తెలిసిన ఊళ్ళ నుంచి వెళ్తున్నాం, కాబట్టి కాల్వ గట్లు తొక్కకండి, అందులో కాళ్ళు, బూట్లు కడగకండి.

మరుగుదొడ్లు కూడా అందుకే నీళ్ళు లేనివి. పై గదిలో నేలకు రంధ్రం, పక్కన మట్టి కుప్ప, పార. పని అయ్యాక మట్టి వేయాలి. అదే తర్వాత పొలానికి ఎరువు. టిష్యూ పేపర్ అందులో వేయకూడదు. ఒకటి రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

దారిలో పాటించాల్సిన పద్ధతులు ఏమైనా ఉన్నాయా?

ఎదురొచ్చిన ప్రతి మనిషికీ "జూలే" అనండి. నమస్తే, కృతజ్ఞత, సెలవు అన్నీ ఆ ఒక్క మాటలోనే. బాట మధ్యలో మంత్రాలు చెక్కిన రాళ్ళ గోడలు వస్తాయి, వాటిని మణి గోడలంటారు. మనం గుడిలో ప్రదక్షిణ చేసినట్టే, గోడ మన కుడి చేతి వైపు ఉండేలా దాటాలి. పరుగులో ఉన్నా సరే. ఆ రాళ్ళ మీద కూర్చోవద్దు, ఒక్కటి కూడా ఇంటికి తేవద్దు. పొద్దున చీకట్లో లేహ్ వీధుల్లో ఒంటరిగా పరుగుకు వెళ్ళవద్దు, కుక్కల గుంపులు ఎక్కువ.

ఆడవాళ్ళు ఒంటరిగా రావచ్చా?

రావచ్చు, వస్తున్నారు. ఇద్దరు గైడ్లలో ఒకరు ఎప్పుడూ మహిళే. ఆడవాళ్ళకు గదులు వేరు. నెలసరి వస్తే పరుగు ఆపాల్సిన అవసరం లేదు, మీకు ఎలా ఉంటే అలా. వాడిన ప్యాడ్లు కవర్లో కట్టి లేహ్ దాకా తిరిగి తేవాలి. ఆ కవర్లు మేమే ఇస్తాం.

ఫోన్ పనిచేస్తుందా? ఇంట్లో వాళ్ళు కంగారు పడతారు.

మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అయినా ఊళ్ళలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. "రెండు రోజులు ఫోన్ రాకపోతే అంతా బాగున్నట్టే" అని ఇంట్లో ముందే చెప్పి రండి. అమెరికాలో ఉన్న కొడుకు కొనిచ్చాడని శాటిలైట్ ఫోనో, శాటిలైట్ మెసేజ్ పరికరమో తేవద్దు. అనుమతి లేకుండా అవి మన దేశంలో వాడటం నేరం.

ఎలా వెళ్తాం? మనాలి నుంచి రోడ్డు మీద వెళ్తే అలవాటు పడతాం కదా?

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, లేదా హైదరాబాద్ నుంచి విమానం. ఢిల్లీ నుంచి లేహ్‌కు పొద్దున విమానం. మనాలి రోడ్డు మధ్యలో చాలామంది సర్చూలో రాత్రి ఆగుతారు. అది లేహ్ కంటే ఎత్తులో ఉంటుంది. అలవాటు పడకముందే అక్కడ పడుకోవడం మంచిది కాదు. శ్రీనగర్ రోడ్డు మెరుగు, కానీ రోజులు ఎక్కువ పడతాయి.

వాతావరణం బాగాలేక లేహ్ విమానాలు రద్దవడం మామూలే. అందుకే పన్నెండో రోజు ఖాళీగా పెట్టి పదమూడో రోజు తిరుగు ప్రయాణం. ఢిల్లీ నుంచి రైలుకు అదే రోజు టికెట్ పెట్టుకోవద్దు.

రుసుములో ఏమేం వస్తాయి?

లేహ్‌లో దిగినప్పటి నుంచి ఎక్కేదాకా బస, తిండి, బండ్లు, గైడ్లు, ఆక్సిజన్, నుబ్రాకు కావాల్సిన కాగితాల పని. విమానం, రైలు టికెట్లు మీవే. ఇన్సూరెన్స్ మీరే తీసుకోవాలి. తీసుకునే ముందు ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో, కొండల్లో పరుగును మినహాయించారో చదవండి. చాలా పాలసీలు ఒక ఎత్తు దాటితే డబ్బు ఇవ్వవు. ఊళ్ళలో ఏటీఎంలు ఉండవు, కొంత నగదు దగ్గర పెట్టుకోండి.

మధ్యలో మీరే వద్దని ఆపేస్తే డబ్బు తిరిగిస్తారా?

ఆ రోజు మీరు బండిలో తర్వాతి ఊరికి వస్తారు, మర్నాడు బాగుంటే మళ్ళీ కలుస్తారు. బస, తిండి ఖర్చు జరుగుతూనే ఉంటుంది కాబట్టి డబ్బు తిరిగి రాదు. వెనక్కి తిప్పే నిర్ణయం మాత్రం గైడ్‌దే, నేను కూడా దాన్ని మార్చను. పోయినసారి నన్నే త్సెర్మంగ్‌చెన్ లా కింద ఆపేశారు. రాత్రి నిద్రపట్టలేదు, పొద్దున తల దిమ్ముగా ఉంది. బండిలో కూర్చుని హెమిస్ శుక్‌పాచన్ వెళ్ళి, మా వాళ్ళు కొండ దిగి వచ్చేదాకా జునిపర్ చెట్ల కింద ఎదురుచూశాను.

బతుకమ్మకు ఇంటికొస్తామా?

వస్తారు. పెత్రమాసకు ముందే అందరూ ఇంట్లో ఉంటారు. తేదీలు పెట్టేటప్పుడు మేం ముందుగా చూసేది అదే. మా ఇంట్లో ఆడవాళ్ళ ఆర్డర్ అది.

పేరివ్వాలనుకుంటే మొదట ఏం చేయాలి?

మే మొదటి వారంలోగా రక్త పరీక్ష, ఈసీజీ చేయించుకుని, ఏదైనా ఆదివారం పొద్దున ఐదున్నరకు పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గరికి రండి. ఒక సీసా నీళ్ళు, పాత బూట్లు చాలు. మూడుసార్లు ఎక్కి దిగుతాం, మాట్లాడుకుంటూ. ఫారాలు, డబ్బు సంగతి ఆ తర్వాత చూద్దాం.